తెల్లరాతి లోయలో మూడు రోజులు

ఫ్రాన్స్‌ను 32 ఏళ్లు ఏలిన మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో ఒక అడవి నడుమ కోట కట్టించడం మొదలుపెట్టాడు. పేరుకు అది వేట విడిది. కట్టడం మాత్రం మహానగరమంత. 426 గదులు, 282 చలిమంట పొయ్యిలు, 77 మెట్లదారులు. ఈనాటికీ ఆ అడవిని చుట్టివచ్చే ప్రహరీ గోడ పొడవు 32 కిలోమీటర్లు. అంత కోట కట్టించిన రాజు తన జీవితమంతా కలిపి అందులో నిద్ర చేసింది 72 రాత్రులు.

ఆ కోట పేరు షాంబోర్. పారిస్‌కు దక్షిణాన, లువార్ నది లోయలో ఉంది. యూరప్ టూర్ ప్యాకేజీల్లో ఫ్రాన్స్ అంటే ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నది మీద పడవ షికారు. రెండో రోజు సాయంత్రానికి బస్సు స్విట్జర్లాండ్ దారి పడుతుంది. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగు పిల్లలు మాత్రం లాంగ్ వీకెండ్ దొరికితే కొత్త చోటు వెతుక్కుంటారు. వాళ్లకైనా, పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకైనా మూడు రోజుల్లో మనసు నిండే చోటు ఇది. కోటలు, ద్రాక్షతోటలు, ఆ నేలకే చెందిన తిండి, మూడూ ఒకే నది ఒడ్డున దొరుకుతాయి.

ఆ మూడింటినీ కలిపే దారం ఒకటుంది. చాలామంది దాని మీద నడుస్తూ కూడా గమనించరు. అది రాయి.

కోటను ఇచ్చిన రాయి

దాన్ని అక్కడివాళ్లు తుఫో అంటారు. మీగడ రంగులో ఉండే మెత్తటి సున్నపురాయి. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా సముద్రం. అడుగున పేరుకున్న గుల్లలూ ఇసుకా సున్నమూ కలిసి గట్టిపడి ఈ రాయి అయింది. భూగర్భ శాస్త్రంలో ఆ కాలానికి పెట్టిన పేరు ‘ట్యురోనియన్’. లోయలోని తూర్ నగరం పేరు మీద వచ్చిన మాటే అది. రాయిని గనిలోంచి తీసినప్పుడు రంపంతో కోయొచ్చు, ఉలితో చెక్కుతుంటే చెక్కలా తెగుతుంది. అందుకే లువార్ కోటల గోడల మీద అంత సన్నని లతలు, బొమ్మలు, కిరీటాలు కుదిరాయి. గట్టి నల్లరాతిలో ఆ పని చేయాలంటే తరాలు పట్టేది.

రాజులు ఇక్కడికి సరదాకు రాలేదు. ఇంగ్లండ్‌తో నూరేళ్ల యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1418లో పారిస్ శత్రువుల చేతికి చిక్కింది. యువరాజు చార్లెస్ ప్రాణాలు దక్కించుకుని దక్షిణానికి పారిపోయాడు. ఆ చార్లెస్‌నే 1429లో షినోన్ కోటలో ఓ పల్లెపిల్ల కలిసి, దేవుడు పంపితే వచ్చానంది. ఆమే జోన్ ఆఫ్ ఆర్క్. యుద్ధం ముగిశాక కూడా రాజులకు ఈ లోయ మీద మోజు తీరలేదు. వందేళ్లకు పైగా ఫ్రాన్స్ ఏలుబడి ఈ నది ఒడ్డు నుంచే నడిచింది. 1528లో ఫ్రాన్స్వా ఇక మకాం పారిస్ వైపేనని ప్రకటించేదాకా అదే తీరు. రాజు ఎక్కడుంటే మంత్రులూ ఖజానా అధికారులూ అక్కడే. ఒక్కొక్కరూ ఒక్కో కోట కట్టుకున్నారు. ఇంత చిన్న లోయలో ఇన్ని కోటలు ఎందుకున్నాయంటే జవాబు ఇదే. 2000లో యునెస్కో సల్లీ నుంచి షలోన్ దాకా 280 కిలోమీటర్ల నదీతీరాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. విడిగా ఒక కోటకు దక్కిన గౌరవం కాదది, లోయ మొత్తానికీ దక్కింది.

మూడు రోజుల్లో పన్నెండు కోటలు చూపిస్తామనే బస్సులూ ఉంటాయి. వాటిని ఎక్కకపోవడం మంచిది. నాలుగో కోటకు వచ్చేసరికి ఏ మంచం ఎవరిదో, ఏ గోడకు ఏ తెర వేలాడిందో కలగాపులగం అయిపోతుంది. రోజుకు ఒక కోట చాలు, మహా అయితే రెండు. మిగతా పొద్దు నదికీ తోటకీ భోజనానికీ ఇవ్వాలి.

మకాంకు ఆంబ్వాజ్ బాగుంటుంది. చిన్న ఊరు. నది, వంతెన, ఊరి నెత్తిన కోట, నడిచి తిరగ్గలిగే వీధులు. ఇటలీ మీద దండెత్తి వెళ్లిన ఎనిమిదో చార్లెస్ అక్కడి శిల్పుల్నీ తోటమాలుల్నీ వెంటబెట్టుకొచ్చింది ఈ కోటకే. 1498లో ఆయన చావు కూడా ఇక్కడే. బంతాట చూడ్డానికి వెళ్తూ ద్వారబంధానికి తల కొట్టుకుని, కొన్ని గంటల్లో ప్రాణం విడిచాడు. 28 ఏళ్లు కూడా నిండలేదు.

కోట నుంచి పది నిమిషాలు నడిస్తే క్లో లూసే అనే ఎర్ర ఇటుకల భవనం వస్తుంది. 1516లో ఫ్రాన్స్వా పిలుపు మీద అరవై నాలుగేళ్ల లియొనార్డో డావిన్చి ఆల్ప్స్ దాటి వచ్చి దిగిన ఇల్లు అది. వస్తూ వస్తూ తన సామానులో మోనాలిసాను కూడా తెచ్చుకున్నాడు. 1519 మే 2న ఈ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆయనవని భావిస్తున్న అస్థికలు కోట ఆవరణలోని చిన్న ప్రార్థనా మందిరంలో, ఓ సాదా రాతిపలక కింద ఉన్నాయి. పారిస్‌లో మోనాలిసా ముందు గుంపులో మోచేతులతో తోసుకుంటూ ఫోన్లు ఎత్తిపట్టేవాళ్లలో ఎంతమందికి ఈ పలక సంగతి తెలుసు? ఆ బొమ్మ ఫ్రాన్స్‌లో ఎందుకుందో తెలియాలంటే రావాల్సింది ఇక్కడికి.

ఆ బొమ్మ మళ్లీ ఒకసారి ఈ లోయకు వచ్చింది. 1939 ఆగస్టు చివర్లో, యుద్ధం ముంచుకొస్తోందని తెలిసి, లూవ్ర్ అధికారులు చిత్రాలన్నీ పెట్టెల్లో సర్ది లారీల్లో పంపేశారు. మోనాలిసా మొదటి మజిలీ షాంబోర్ కోట.

కలవని మెట్లు, నది మీద వంటిల్లు

షాంబోర్‌లో అడుగుపెట్టగానే ఎదురుగా నడిమధ్యన ఓ మెట్లదారి. పెనవేసుకున్న రెండు పాముల్లాగా రెండు మెలికల మెట్లు ఒకే స్తంభం చుట్టూ పైకి పాకుతాయి. ఒకరు ఒక దారిన ఎక్కుతుంటే మరొకరు రెండో దారిన దిగొచ్చు. మధ్య స్తంభంలోని కిటికీల్లోంచి ఒకరికొకరు కనపడుతూనే ఉంటారు కానీ ఎక్కడా ఎదురుపడరు. పిల్లలు ఆ కిటికీల్లోంచి తొంగిచూస్తూ, చేతులు ఊపుతూ, ‘ఇప్పుడు దొరికావ్’ అని పరుగెత్తి మళ్లీ ఓడిపోవడం చూసి తీరాలి. అయిదు వందల ఏళ్ల నాటి రాయి పిల్లలతో దాగుడుమూతలాడుతుంటుంది. ఈ ఆలోచన లియొనార్డోదే అని చాలామంది పండితుల నమ్మకం. పునాది పడిన ఏడాదే ఆయన పోయాడు. కాగితం మీద రుజువు దొరకలేదు, కానీ ఆయన నోటుపుస్తకాల్లో ఇలాంటి జంట మెట్ల బొమ్మలున్నాయి.

మెట్లు చివరికంటా ఎక్కితే మిద్దె. అక్కడ గోపురాలు, పొగగొట్టాలు, బురుజులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఓ చిన్న ఊరే వెలసినట్టుంటుంది. రాజు వేటాడుతుంటే దొరసానులు ఇక్కణ్నుంచి చూసేవారట. తెల్లరాతిలో నల్లటి పలకరాళ్లు త్రికోణాలుగా, వజ్రాకారాలుగా పొదిగారు. ఇటలీలో రంగుల పాలరాయి వాడేచోట ఇక్కడి మేస్త్రీలు దొరికిన పలకరాయితో పని కానిచ్చారు. ఆ సర్దుబాటులోంచే లువార్‌ది అనదగ్గ అందం పుట్టింది.

గదులు చాలావరకు ఖాళీగా ఉన్నాయని కొందరు నిరాశపడతారు. నిజానికి రాజు ఉన్నప్పుడు తప్ప అవి ఎప్పుడూ ఖాళీయే. రాజుతోపాటు వేల మంది, మంచాలు, తెరలు, పళ్లేలు, పెట్టెలు బళ్ల మీద కదిలేవి. రాజు వెళ్లిపోగానే మళ్లీ గోడలే మిగిలేవి. ఫ్రెంచిలో గృహోపకరణాలను ‘మబ్ల్’ అంటారు. కదిలేవి అని దాని అర్థం.

షెనోన్సో కథ వేరు. ఇక్కడ ఎప్పుడూ మనుషులున్నారు, ఎక్కువగా ఆడవాళ్లున్నారు. షేర్ అనే ఉపనది మీద, నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడిన కోట ఇది. భర్త రాజుగారి యుద్ధాల్లో తిరుగుతుంటే ఈ ఇంటి పని దగ్గరుండి చేయించింది కాతరీన్ బ్రిసోనే. ఫ్రాన్స్‌లో అప్పటిదాకా మెట్లంటే ఎక్కువగా గుండ్రంగా తిరిగేవే. ఈ కోటలో మెట్లు తిన్నగా ఉంటాయి. 1547లో రెండో హెన్రీ గద్దెనెక్కి, తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దదైన ప్రియురాలు డయాన్ ద ప్వాతియేకు ఈ కోటను కానుకిచ్చాడు. ఆమె తోటలు వేయించింది, అవతలి ఒడ్డుకు వంతెన కట్టించింది. 1559లో హెన్రీ పోటీల బరిలో ఈటె దెబ్బకు చనిపోయాడు. రాణి కేథరీన్ ద మెడిచి ఏళ్లుగా దిగమింగుకున్నదంతా అప్పుడు బయటపడింది. డయాన్‌ను షోమోన్ కోటకు పంపి షెనోన్సోను తను తీసుకుంది. సవతి కట్టించిన వంతెన మీద 60 మీటర్ల నృత్యశాల నిలిపింది. ఒకామె వేసిన పునాది మీద మరొకామె కట్టిన అంతస్తు, రెండూ కలిస్తేనే ఇవాళ క్యాలెండర్లలో కనపడే ఆ బొమ్మ.

ఆ నృత్యశాలలో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మంచాలు వేశారు. అప్పటి యజమానులు మెనియే కుటుంబం, చాక్లెట్ వ్యాపారులు. తమ సొంత ఖర్చుతో 2,254 మంది క్షతగాత్రులకు వైద్యం చేయించారు. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చినప్పుడు సరిహద్దు గీత ఈ నది మీదుగానే పోయింది. కోట సింహద్వారం జర్మన్లు ఆక్రమించిన ఒడ్డున, నృత్యశాల చివరి తలుపు స్వేచ్ఛా మండలంలో. ఆ గచ్చు మీద చప్పుడు కాకుండా నడిచి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లున్నారు. నలుపూ తెలుపూ పలకల ఆ గచ్చు మీద నిలబడి, రెండు చివర్లనూ చూస్తూ ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అన్ని కోటల్లోనూ ఇంతగా మనసు పట్టేసే చోటు మరొకటి లేదనిపిస్తుంది.

షెనోన్సోలో వంటిల్లు తప్పకుండా చూడాలి. నదిలోకి దిగిన రెండు భారీ స్తంభాల లోపల ఉంది. మాంసం కొట్టే గది, వడ్డనకు ముందు పళ్లేలు పేర్చే గది, రొట్టె కాల్చే పొయ్యి, గోడల నిండా మెరిసే రాగిపాత్రలు. సరుకులు పడవలో నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చేవి. కిటికీలోంచి చూస్తే చేతికందేంత దగ్గర్లో నీళ్లు పారుతుంటాయి.

గని మిగిల్చిన గుహ

ఇంత రాయి ఎక్కడినుంచి వచ్చింది? షేర్ ఒడ్డున బూరే అనే పల్లె ఉంది. ఆ కొండలోంచి తవ్విన రాయి పడవల మీద కోటల దాకా పోయింది. లువార్, షేర్, వియెన్ నదుల వెంబడి ఇలాంటి పల్లెలు ఎన్నో. వందల ఏళ్లు తవ్వితే కొండ కడుపు ఖాళీ అయిపోయింది. కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు మిగిలాయి. ఆ ఖాళీని ఈ లోయ జనం వృథాగా పోనివ్వలేదు.

మొదట మనుషులే కాపురం పెట్టారు. వూవ్రే దగ్గర రోడ్డు మీంచి చూస్తే తెల్లటి కొండచరియలో తలుపులు, కిటికీలు, ముందు పూలకుండీలు కనపడతాయి. కొండపైకెక్కితే ద్రాక్షతోట. సాళ్ల నడుమ అక్కడక్కడా నేలలోంచి పొగగొట్టాలు పొడుచుకొచ్చి ఉంటాయి. కింద ఎవరిదో వంటిల్లు.

ఆ తర్వాత పుట్టగొడుగులు వచ్చాయి. మనం సూపర్ మార్కెట్లో కొనే తెల్ల బటన్ మష్రూమ్‌ను ఫ్రెంచివారు పారిస్ పుట్టగొడుగు అంటారు. 19వ శతాబ్దం చివర్లో పారిస్ కింది గనుల్లో చోటు కరువై, ఆ సాగు ఈ లోయలోని సోమ్యూర్ ఊరి గుహలకు తరలింది. చీకటి, తేమ, ఏడాది పొడవునా ఒకే చల్లదనం ఎలాగూ ఉన్నాయి. ఎరువుకు కావలసిన గుర్రపు పేడ కూడా దగ్గర్లోనే దొరికింది, సోమ్యూర్‌లో అశ్వికదళ పాఠశాల ఉంది కాబట్టి. అరచేయంత పెరిగిన పుట్టగొడుగును బోర్లించి, వెల్లుల్లి వెన్న కూరి కట్టెల పొయ్యిలో కాల్చి పెడతారు. వాటిని గాలిపెత్ అంటారు. శాకాహారులకు ఈ లోయ ఇచ్చే గొప్ప విందుల్లో అదొకటి.

అన్నిటికన్నా ముఖ్యంగా, గుహల్లోకి పీపాలు చేరాయి. కోట కోసం రాయి తీస్తే ఏర్పడిన గుంతలో, అదే రాతినేల మీద పండిన ద్రాక్ష రసం నిద్రపోతోంది. నేలమీద ఎండాకాలం 35 డిగ్రీలున్నా, చలికాలం మంచు పట్టినా లోపల 12 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఏసీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చలికాలంలో గుహలోకి వెళ్లగానే కళ్లద్దాల మీద ఆవిరి పడుతుంది. గోడ మీద చేయి పెడితే తడి రాయి, గోటితో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. ఇంకాస్త లోపలికి పోతే దుమ్ము పట్టిన సీసాలు వరుసలుగా, ఒక్కో అరకు సుద్దతో రాసిన సంవత్సరం. పాత వాసన, పులిసిన వాసన, ఓక్ చెక్క వాసన కలిసి ముక్కుకు తగులుతాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్ పందిళ్ల కింద నిలబడి గుత్తులు కోసుకున్నవారికి ఇక్కడి తోట వింతగా ఉంటుంది. పందిరి లేదు. నడుమెత్తు పొదలు, తీగలకు కట్టి సాళ్లుగా నిలబెట్టారు. పండు చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ. తినడానికి పనికొచ్చే ద్రాక్ష కాదిది. వూవ్రేలో పండించే తెల్లరకం షెనిన్ బ్లాంక్. పులుపెక్కువ. ఆ పులుపే దానికి ఆయుష్షు పోస్తుంది. మంచి ఏడాది సీసాలు దశాబ్దాలు నిలవ ఉంటాయి. వాతావరణం ఏడాదికో తీరుగా ఉంటుంది కాబట్టి ఒకే తోటలోంచి ఒక ఏడు తీపిలేని వైన్, మరో ఏడు తేనెలాంటి తియ్యటి వైన్ వస్తాయి. శరదృతువులో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ కాస్తే పండు మీద ఓ రకం బూజు పడుతుంది. దాంతో నీరు ఇంకి, తీపి చిక్కబడుతుంది. మన రైతు బూజు చూస్తే గుండె బాదుకుంటాడు. ఇక్కడ దాన్నే మేలైన బూజు అని పేరుపెట్టి, పండు ముదిరినకొద్దీ ఒకే తోటలోకి రెండు మూడుసార్లు కోతకు దిగుతారు.

పడమరగా షినోన్ వైపు వెళ్తే రంగు మారుతుంది. అక్కడ ఎర్రరకం, కాబెర్నే ఫ్రాంక్. చల్లగా తాగదగ్గ తేలికపాటి ఎర్ర వైన్ దానితో చేస్తారు. వూవ్రే పేరుకు 1936లో, షినోన్ పేరుకు 1937లో చట్టబద్ధమైన హద్దులు గీశారు. ఆ హద్దు లోపల, చెప్పిన రకం, చెప్పిన పద్ధతిలో పండిస్తేనే సీసా మీద ఆ ఊరి పేరు. మనకు ఇప్పుడు బంగినపల్లి మామిడికి, తిరుపతి లడ్డూకు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే, కాకపోతే నియమాలు ఇంకా కఠినం.

ఈ తోటలు ఒకసారి చచ్చి బతికినవి. 1860ల తర్వాత అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేళ్ల రసం పీల్చి ఫ్రాన్స్ ద్రాక్షను ఊడ్చిపెట్టేసింది. మందు కూడా అమెరికాలోనే దొరికింది. పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్క మీద ఫ్రెంచి కొమ్మను అంటు కట్టారు. ఇవాళ దాదాపు ప్రతి సాలులోనూ పైన ఉన్నది ఫ్రాన్స్, కింద ఉన్నది అమెరికా. తోటలు పోయిన ఆ కాలంలో త్యుర్కాన్ లాంటి పల్లెలు ఆపిల్ పళ్లను గుహపొయ్యిల్లో రోజుల తరబడి ఎండబెట్టి, కొయ్యసుత్తితో చదును చేసి, ఒరుగులుగా అమ్ముకుని బతికాయి. రీవారెన్‌లో పియర్ పళ్లతోనూ అలాగే చేస్తారు. వైన్‌లో నానబెట్టి ఉడికిస్తే మళ్లీ ఉబ్బుతాయి. ఇప్పటికీ దొరుకుతాయి, కొని తెచ్చుకోదగ్గవి.

కష్టం తీరిపోలేదు. ఏప్రిల్‌లో లేత చిగురు వేశాక మంచు పడితే ఆ ఏటి పంట అయిపోయినట్టే. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అంతటా అదే జరిగింది. రాత్రంతా సాళ్ల నడుమ మంటలు వెలిగించి రైతులు కాపలా కాశారు. చలికాలాలు వెచ్చబడి చిగురు ముందుగా వస్తుండటంతో ఆ గండం పెరిగింది. సీసా ధర చూసి పెదవి విరిచే ముందు ఆ రాత్రుల్ని గుర్తుచేసుకోవాలి.

రుచి చూడటానికి చాలా తోటల్లో సెల్లార్‌లోకి రానిస్తారు. కొద్దిగా నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం మర్యాదే, తప్పేమీ కాదు. కారు నడిపేవారికి రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యమే హద్దు. తాగనివారు మొహమాటపడకుండా గుహ చూసి, ద్రాక్షరసం అడిగి తాగి రావచ్చు.

పూరీలా పొంగే రొట్టె

2010లో యునెస్కో ఫ్రెంచివారి విందు భోజనాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. వంటకాల జాబితాకు కాదు ఆ గుర్తింపు. నలుగురూ కూర్చుని, వరుస తప్పకుండా, మాట్లాడుకుంటూ తినే పద్ధతికి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడు దాటాక. ఆ వేళలు దాటితే పల్లెల్లో వంటిల్లు మూసేస్తారు. ఆకలితో మూడింటికి వెళ్లిన తెలుగు కుటుంబాలు చిప్స్ ప్యాకెట్లతో సర్దుకోవాల్సి వస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సిన మరో మాట ‘బోంజూర్’. దుకాణంలో అడుగుపెట్టగానే అది చెప్పాకే ఏదైనా అడగాలి. చెప్పకుండా అడిగితే ముఖం ముడుస్తారు.

సోమ్యూర్ పరిసరాల్లో గుహల్లోనే హోటళ్లున్నాయి. ఓ పక్కన కట్టెల పొయ్యి. వంటమనిషి పిండిముద్దను పూరీ అంత పల్చగా తట్టి, పొడవాటి చెక్కగరిటెతో నిప్పుల పక్కన పెడతాడు. నిమిషం తిరక్కుండా అది మన పూరీలాగే పొంగి బంతవుతుంది. దాని పేరు ఫువే. వేడివేడిగా బల్ల మీదికి వస్తుంది. పక్కన కత్తితో చీల్చి, లోపలికి మెత్తగా ఉడికిన తెల్ల చిక్కుడు గింజలో, మేక చీజో కూరి, పొగలు వస్తుండగా తినాలి. మాంసాహారులకు రియెత్ ఉంటుంది. పంది మాంసాన్ని దాని కొవ్వులోనే గంటల తరబడి సన్నమంట మీద ఉడికించి, పీచులుగా విడదీసి నిలవ చేసే పదార్థం అది. ఒకటి తినేలోగా మరొకటి వస్తుంది, చాలు అనేదాకా తెస్తూనే ఉంటారు. పూరీలు వేసే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న అనుభవమే. షినోన్ దగ్గర పుట్టిన రాబెలే 1534 ప్రాంతంలో రాసిన ‘గార్గాంత్యువా’లో ఇలాంటి రొట్టెల దగ్గర మొదలైన తగవు ముదిరి రెండు రాజ్యాల యుద్ధమైపోతుంది. ఆ ఊళ్ల పేర్లు చాలావరకు నిజం ఊళ్లవే, ఇప్పటికీ ఉన్నాయి.

మేక చీజ్‌లో పేరున్నది సేంత్ మోర్. జానెడు పొడవున్న దుంగలా ఉంటుంది, పైన బూడిద పూత. కోస్తే లోపల తెల్లగా సుద్దలా, నాలుక మీద పుల్లగా. నడిమధ్య నుంచి ఓ గడ్డిపోచ పోయి ఉంటుంది. మెత్తటి చీజ్ విరిగిపోకుండా వెన్నెముకలా అది ఆసరా. అసలైన సేంత్ మోర్‌లో ఆ పోచ మీద తయారీదారు గుర్తు చెక్కి ఉంటుంది. గడ్డిపోచ మీద సంతకం! అయితే శాకాహారులకు ఒక సంగతి చెప్పాలి. ఇక్కడి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగ్గొట్టడానికి సాధారణంగా పశువు కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారు ముందే అడగడం మేలు.

తీపికి తార్త్ తతాన్. షాంబోర్‌కు తూర్పున లామోత్ బువ్రోన్ అనే ఊళ్లో తతాన్ అక్కాచెల్లెళ్లు రైల్వేస్టేషన్ ఎదుట హోటల్ నడిపేవారు. ఆపిల్ ముక్కలు పంచదార పాకంలో మాడబోతుంటే కంగారులో పైన పిండి కప్పి కాల్చి బోర్లించారని కథ. కథ నిజమో కాదో గానీ హోటల్ ఇప్పటికీ ఉంది, తార్త్ ఇప్పటికీ తలకిందులుగానే వస్తుంది.

కూరగాయలంటే ఇష్టమున్నవారు మూడో రోజు విలాంద్రీకి వెళ్లాలి. 1906లో స్పెయిన్‌కు చెందిన జోఆకిన్ కార్వాయో అనే వైద్య పరిశోధకుడు, ప్రయోగశాల వదిలేసి, భార్యతో కలిసి ఈ కోట కొన్నాడు. పాత పత్రాలు వెతికి, పదహారో శతాబ్దపు తోటను తిరిగి నాటించాడు. తొమ్మిది చతురస్రాల కూరగాయల మడి అది. నీలి ఉల్లికాడలు, ఎర్ర క్యాబేజీ, బీట్‌రూట్ ఆకులు, గుమ్మడి, ఒక్కో రంగూ ఒక్కో గడిలో. కోట మీంచి చూస్తే పట్టుచీర కొంగు పరిచినట్టుంటుంది. ఏడాదికి రెండుసార్లు మొత్తం తీసి కొత్తగా నాటుతారు. ఇప్పటికీ ఆ కుటుంబమే చూసుకుంటోంది. కాయగూర మడికి రాజభవనమంత గౌరవం ఇచ్చిన చోటు ప్రపంచంలో మరెక్కడ దొరుకుతుంది?

వెళ్లేవారికి

పారిస్ మోంపార్నాస్ స్టేషన్‌లో టీజీవీ రైలెక్కితే గంట పైచిలుకులో తూర్ చేరొచ్చు. పారిస్ విమానాశ్రయం నుంచి తూర్ పక్కనున్న సేన్ పియేర్ దే కోర్ స్టేషన్‌కు నేరుగా వచ్చే రైళ్లూ ఉన్నాయి. షెనోన్సో కోట గుమ్మంలోనే చిన్న రైల్వేస్టేషన్ ఉంది. షాంబోర్‌కు బ్లువా పట్టణం నుంచి సీజన్‌లో బస్సులు నడుస్తాయి. సైకిల్ తొక్కగలిగినవారికి నది వెంబడి 900 కిలోమీటర్ల దారి వేశారు, అందులో ఒక పూట తొక్కినా చాలు. ఇసుక తిన్నెలు, కొంగలు, అడుగు చదునుగా ఉండే చెక్క పడవలు కనిపిస్తాయి. జర్మనీ లాంటి షెంజెన్ దేశాల నివాస అనుమతి లేకపోతే, మన పాస్‌పోర్ట్ ఉన్నవారికి షెంజెన్ వీసా తప్పనిసరి. మే, జూన్, సెప్టెంబర్ మంచి నెలలు. కోత చూడాలంటే సెప్టెంబర్ రెండో సగం.

షాంబోర్‌లో 2015లో మళ్లీ ద్రాక్ష నాటారు, 14 హెక్టార్లు. అందులో ఒక రకం రొమొరాంటన్. కోటకు పునాది వేసిన రోజుల్లో ఫ్రాన్స్వా బర్గండీ నుంచి ఈ ప్రాంతానికి తెప్పించిన ద్రాక్ష అదే. ఆ తోటను చూడకుండా మిద్దె మీంచే ఫొటో తీసుకుని వెనుదిరిగేవాళ్లు ఎక్కువ.

ప్రయాణాన్ని ఆదివారం ముగిసేలా పెట్టుకుంటే మేలు. ఆ పొద్దున ఆంబ్వాజ్‌లో నది ఒడ్డున సంత జరుగుతుంది. మేక చీజ్, తేనె, పుట్టగొడుగులు, అప్పుడే కాల్చిన రొట్టె, తోట యజమాని తనే నిలబడి అమ్మే వైన్, అన్నీ అక్కడే. మధ్యాహ్నానికల్లా దుకాణాలు సర్దేస్తారు. తొమ్మిదింటికే సంచీ పట్టుకుని వెళ్లండి.